దారిచ్చినా ముందుకు పోని బండి

చిరంజీవి స్టెప్నీకి,

అమ్మ దీవించి, ముద్దులు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం, మీ నాన్న క్షేమం, మన రికవరీ బండి కూడా క్షేమం. దాని కొక్కేనికి కొత్త గొలుసు వేయించాను. అక్కడ నువ్వూ, నీ కొండమీది తల్లులూ పిల్లలూ క్షేమమని తలుస్తాను. నీ పాత జీపు గురించి మాత్రం అంత నమ్మకంగా తలవలేకపోతున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్లో అయితే నీ మాటల్లో సగం కొండగాలికి పోతాయి, మిగతా సగం నేను మధ్యలో అడ్డుపడటం వల్ల పోతాయి. ఉత్తరంలో అయితే నువ్వు చెప్పేది చివరిదాకా వినక తప్పదు. అందుకే మన ఇద్దరికీ ఉత్తరాలే మంచివని మీ నాన్న అంటారు.

తేలిక ప్రశ్నలకు ముందు జవాబులు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మీ నాన్న కళ్ళద్దాలు మార్చుకున్నారు. ఇప్పుడు తాము పదేళ్ళుగా కుట్టిన సీటు కవర్లన్నిటిలోనూ వంకర కుట్లు కనిపిస్తున్నాయని దిగులు పెట్టుకున్నారు. 'మీ అమ్మగారి ఒంట్లో ఇప్పుడెలా ఉంది' అని మీ పై ఆఫీసు వాళ్ళు నిన్నెందుకు అడిగారో అర్థం కాలేదని రాశావు. దానికి జవాబు చివర్లో ఉంది, కాగితాలు ముందే తిరగేయకు.

ఇక నిన్ను కొండ మీదినుంచి ఆస్పత్రి గేటు దాకా వెంబడించిన ఆ తెల్లబండి వాడి సంగతి. రెండు చోట్ల పక్కకు తీసి దారిచ్చినా వాడు ముందుకు పోలేదనీ, అద్దంలో చూస్తూ కొండ దిగేదాకా తిట్టావనీ రాశావు. తిట్టడంలో తప్పులేదు. నువ్వు రాసిన తిట్లలో రెండు నావే, చూడగానే గుర్తుపట్టాను. కానీ వెనకొచ్చేవాళ్ళంతా వెధవలే అనుకోకమ్మా.

అసలు సంగతికి వస్తాను. నెలాఖరు గడువు దగ్గర పడుతోంది, ఏ బండో ఇంకా తేల్చలేదా అని అడిగావు. తేల్చాను. అయితే రెండు ముక్కల్లో చెప్పను. నా సంతోషం కోసం కాస్త సాగదీసి చెబుతాను.

మీ శాఖ వాళ్ళు పాత జీపు తీసేసి కొత్త బండి ఇస్తామన్నారనీ, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కావాలో, రేంజ్ ఎక్స్‌టెండర్ కావాలో నిన్నే రాసివ్వమన్నారనీ పోయిన నెల ఉత్తరంలో రాశావు. దాని కింద ఒక మాట రాశావు. "అమ్మా, ఇంజనీర్ల కాగితాలు చదివాను, ఏదీ తేలలేదు. నువ్వు ఇరవై ఆరేళ్ళుగా ఆగిపోయిన బండ్లు లాగుతున్నావు. ఏ బండి ఎక్కడ ఆగుతుందో నీకంటే ఎవరికి తెలుసు?" ఈ మాట మీ నాన్నకు మూడుసార్లు చదివి వినిపించాను. సీటు కవరు కొలతలిద్దామని వచ్చిన లెక్చరరు గారికి కూడా వినిపించాను. ఆయన పాపం కొలతలివ్వడం మరిచిపోయి వెళ్ళిపోయారు. చిన్నప్పుడు బళ్ళో 'మీ అమ్మ ఏం చేస్తుంది' అని అడిగితే 'లాగుతుంది' అని చెప్పినదానివి నువ్వు. నిన్ను చూసుకునేవాళ్ళు లేక నాతో తిప్పుకుంటే, క్రేను వెనక స్పేర్ టైరు మధ్యలో గోనెపట్టా పరుచుకుని పడుకునేదానివి. నీకా పేరు అలా వచ్చిందే కదా. ఆ పిల్ల నర్సయి, నన్ను సలహా అడిగితే నేను నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

అడిగావు కాబట్టి పని కూడా అలాగే చేశాను. షోరూం మేనేజరు దగ్గరికి వెళ్ళి రెండు బండ్లూ చెరో రెండు రోజులు కావాలన్నాను. ఆయన కొత్త బండ్లు గుంతల్లో పడ్డప్పుడల్లా కొనేవాళ్ళ కంటపడకుండా లాక్కొచ్చిన మనిషిని నేను, కాదనలేకపోయాడు.

రెండిట్లోనూ పెట్రోలు ఇంజను ఉంది, బ్యాటరీ ఉంది, మోటారు ఉంది, గోడకు తగిలించి ఛార్జి పెట్టుకునే తీగ ఉంది. తేడా అంతా ఇంజను ఏం చేస్తుందన్న దగ్గరే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఇంజనూ మోటారూ రెండూ చక్రాలను లాగుతాయి. మేము దానికి జోడెద్దుల బండి అని పేరు పెట్టాం. రెండోదాంట్లో ఇంజను చక్రాల జోలికే పోదు. వంటింట్లో కూర్చుని కరెంటు వండి బ్యాటరీకి వడ్డిస్తుంది, నడిచేదంతా మోటారే. అది వంటింటి బండి.

నిజం చెప్పాలంటే, ఎక్కకముందే జోడెద్దుల బండే మేలని తీర్పు చెప్పేశాను. నా బతుకంతా తాడు కట్టి లాగడమే. తాడు తగలకుండా బండి కదులుతుందంటే నా మనసు ఒప్పుకోదు. చక్రాన్ని ముట్టుకోని ఇంజను కూడా ఒక ఇంజనేనా అన్నాను. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని మీ నాన్న సూదిలో దారం ఎక్కిస్తూ అన్నారు.

పోయిన ఏడాది ఒక ప్లీడరు గారి జోడెద్దుల బండి లాగాను. డిక్కీ తెరిస్తే ఛార్జింగ్ తీగ ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. ఇదేమిటండీ అంటే, ఎప్పుడైనా అవసరం పడుతుందని దాచానమ్మా అన్నారు. ఆ తీగ విప్పకుండా మూడేళ్ళుగా ఆయన ఒక ఎద్దును బండిలో కూర్చోబెట్టి రెండో ఎద్దుతో లాగిస్తున్నారు. పైగా మైలేజీ రాలేదని కంపెనీ మీద కేసు వేస్తారట! ఇంకో పళ్ళ డాక్టరమ్మ ఉంది, సరిగ్గా దీనికి ఉల్టా. రోజూ ఇంటి నుంచి క్లినిక్కు దాకా ఛార్జింగ్ మీదే తిరిగి, ఏడాదిన్నరగా పెట్రోలు ముట్టలేదని గొప్పగా చెప్పుకునేది. దూరప్రయాణం పెట్టుకున్న రోజు ట్యాంకులోని పాత పెట్రోలు చెడి ఇంజను మొరాయించింది. ఇప్పుడొచ్చే బండ్లు అప్పుడప్పుడూ ఇంజను తమంతట తామే తిప్పుకుంటాయట. అయినా నువ్వు ఏ బండి తీసుకున్నా నెలకోసారి ఇంజను తిప్పు, ట్యాంకు నిండా నిలవ పెట్టకు.

జోడెద్దుల బండిని బ్యాటరీ ఖాళీ చేసి మరీ ఫ్లైఓవర్ ఎక్కించాను. మీ నాన్నను వెనక సీట్లో పడుకోబెట్టి, పొట్ట మీద దిండు పెట్టి బెల్టు కట్టాను. ఇదేం పని అని ఆయన గోల.

"మీరిప్పుడు నెలలు నిండిన మనిషి. కదలకుండా పడుకుని, ఎక్కడ కుదిపిందో చెప్పండి చాలు," అన్నాను.

బండికి సత్తువ ఉంది, ఒప్పుకోవాలి. బ్యాటరీ లేకపోయినా ఇంజను చక్రాలను పట్టుకుని ఎత్తు మీదికి ఈడ్చుకుపోయింది. దిగాక ఏమంటారని అడిగితే, మీ నాన్న నడుం పట్టుకుని, "లాగుతుంది బాగానే. కానీ ఇంజను వచ్చి కలిసినప్పుడల్లా ఎవరో భుజం తట్టి లేపినట్టుంది," అన్నారు. మర్నాడు వంటింటి బండిలో అదే దిండుతో, అదే దారిలో పడుకున్నారు. ఆగాక చూస్తే గురక పెడుతున్నారు. షోరూం మేనేజరు కిటికీలోంచి దిండు వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు.

మీ ఆరోగ్య కేంద్రంలో కరెంటు రోజుకు ఆరు గంటలే ఉంటుందన్నావు కదా. జోడెద్దుల బండి బ్యాటరీ చిన్నది, ఆ ఆరు గంటల్లో నిండిపోతుంది. కానీ అది అరవై కిలోమీటర్లకే అయిపోతుంది, నీ రోజు తిరుగుడు డెబ్భై పైమాటే. వంటింటి బండి బ్యాటరీ పెద్దది, నూట ఎనభై దాకా వస్తుంది. ఆరు గంటల్లో నిండకపోయినా నువ్వు వాడుకున్నంత తిరిగి ఎక్కుతుంది. కరెంటు పోతే టీకాల ఫ్రిజ్ ఏమవుతుందో అని నీకు బెంగ. బండి సాకెట్టుకు మన ఇంటి ఫ్రిజ్ తగిలించి ఒక పూటంతా నడిపి చూశాను, చుక్క మంచు కరగలేదు. అయితే ఊళ్ళు దాటి దూరాలు తిరిగేవాడికి జోడెద్దులే మేలు. వంటింటి బండి మెయిన్ రోడ్డు మీద గంటల తరబడి పరుగెత్తితే పెట్రోలు తాగుతుంది, బరువు కూడా ఎక్కువ. ఇవన్నీ తూచి చూశాక కూడా నా మొగ్గు జోడెద్దుల వైపే ఉంది, ఎందుకంటే నువ్వుండేది కొండ మీద.

అందుకే వంటింటి బండిని రెండో రోజు ఒక కొండ ఎక్కించాను. ఏ కొండో తర్వాత చెబుతాను. షోరూం మేనేజరు ముందే చెప్పాడు, "మేడం, ఎత్తు మొదలయ్యేముందు ఛార్జి దాచే బటన్ నొక్కండి, మర్చిపోకండి," అని. "బండ్ల గురించి నాకా చెబుతావు?" అని తాళాలు లాక్కుని వచ్చేశాను. చదును దారిలో నూట యాభై కిలోమీటర్లు చుక్క పెట్రోలు కాల్చకుండా, పాటలు పాడుకుంటూ పోయాను. బటన్ సంగతి గాలికి వదిలేశాను. ఎత్తు మొదలైన కాసేపటికి బ్యాటరీ అడుగంటింది. ఇంజను వండుతోంది, కానీ వండింది వండినట్టు మోటారు తినేస్తోంది, ఇంకా చాలడం లేదు. మోత చూస్తే విమానం లేస్తున్నట్టుంది, వేగం ముల్లు చూస్తే ఇరవై ఐదు దగ్గర వణుకుతోంది. నా చెవికి ఇరవై ఆరేళ్ళుగా ఒకటే పాఠం: మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. గేరు మార్చబోతే చెయ్యి గాల్లో తిరిగింది, గేరు కర్ర లేదు. బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, లేని క్లచ్ కోసం వాసన చూస్తూ నిలబడ్డాను. రికవరీ బండి నడిపేదాన్ని కాబట్టే ఇంత తెలివితక్కువ పని చేశాను. మామూలు మనుషులైతే మెల్లగా పోనిచ్చేవాళ్ళు.

వెనక పాల వ్యాను ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏమైందమ్మా? తాడు కట్టమంటారా?" అన్నాడు.

తాడు! నాకు! ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నేను వెయ్యిమందిని అడిగి ఉంటాను. నన్ను అడిగినవాడు మాత్రం అతనొక్కడే. తల కొట్టేసినట్టయింది.

ఇది చదివి, అయితే జోడెద్దుల బండే కదా అంటావు. అక్కడిదాకా నేనూ అదే అనుకున్నాను. మిగతా సగం దారి చెప్పాలంటే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నాలుగు రోజులుగా మింగలేక కక్కలేక ఉన్నాను.

అది నీ కొండే, స్టెప్నీ. ఆ తెల్లబండి 'వాడు' నేనే.

పోయిన వానల్లో జీపు జారి, ముందు చక్రం ఒకటి అంచు దాటి గాల్లో తిరిగిందని నువ్వు ఫోన్లో నవ్వుతూ చెప్పావు. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక కూర్చుండిపోయాను. లోయల్లోంచి ఎన్ని బండ్లు పైకి లాగానో, ఒక్కోసారి వాటి లోపల ఏం చూశానో ఎప్పుడూ నీకు చెప్పలేదు. ఆ వారమే మీ పై ఆఫీసుకు ఒక అర్జీ పెట్టాను. నాకు ఒంట్లో బాగుండటం లేదనీ, ఒక్కగానొక్క కూతురనీ, నిన్ను కొండ దింపి మన ఊరి ఆస్పత్రికి మార్చమనీ రాశాను. గుండ్రాయిలా ఉన్నదాన్ని, మంచాన పడ్డట్టు రాసుకున్నాను. నీకు చెప్పలేదు, మీ నాన్నకు చెప్పలేదు. వాళ్ళు జాలిపడి బదిలీకి ఒక కాగితం నా పేరుకే పంపారు. నెలాఖరులోగా నువ్వు సంతకం పెడితే చాలు. బండి పరీక్ష పేరు పెట్టుకుని నేను కొండెక్కింది ఆ కాగితం మీద నీ చేత సంతకం పెట్టించి, నిన్ను వెంటబెట్టుకుని దిగుదామనే.

ఆ పాల వ్యాను డ్రైవరు తాడు కట్టలేదు గానీ, కాసేపు నిలబడి మాట్లాడాడు. "మా నర్సమ్మ జీపు కూడా ఇక్కడే మొరాయిస్తుందండీ. ఆవిడ ఎవర్నీ పిలవదు. బానెట్ ఎత్తి, బండిని నాలుగు తిట్లు తిట్టి, పానాతో రెండు దెబ్బలేసి స్టార్ట్ చేసుకుని పోతుంది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, మా అమ్మ దగ్గర అంటుంది. ఆ తల్లి ఎవరో గానీ గట్టి మనిషే అయ్యుంటుందండీ," అన్నాడు.

ఆ తల్లిని నేనేనని చెప్పలేకపోయాను. బానెట్ ఎత్తుకుని, లేని క్లచ్ వాసన చూస్తున్న మనిషిని ఎలా చెప్పుకోను?

తాపీగా ఎక్కుతూ మీ కేంద్రం ఎదుట కలప డిపో పక్కన ఆపేసరికి బ్యాటరీ తొమ్మిది శాతం ఉంది. కాగితం చేతి సంచిలో ఉంది. దిగబోతుండగా నువ్వు బయటికి వచ్చావు. ఒక నిండు చూలాలిని నువ్వూ ఆమె భర్తా రెండు వైపులా పట్టుకుని జీపులో పడుకోబెట్టారు. నువ్వు నీ ఒంటిమీది శాలువా తీసి ఆమె నడుం కింద దోపావు. ఆమె నీ చెయ్యి వదలడం లేదు. ఆమె చెవిలో ఏదో చెప్పావు, ఆ నొప్పిలోనూ ఆమె నవ్వింది. నువ్వు స్టీరింగు ఎక్కి నా పక్కనుంచే పోయావు. నేను తల డాష్‌బోర్డు కిందికి దించేశాను. తర్వాత ఏమనుకున్నానో తెలియదు, బండి తిప్పి నీ వెనకే వచ్చాను.

ముప్ఫై నాలుగు మలుపులు, లెక్కపెట్టాను. ప్రతి గుడ్డి మలుపు దగ్గరా రెండుసార్లు హారన్ కొట్టావు, నేను కొట్టినట్టే. బ్రేకు మీద కాలు నొక్కిపెట్టి ఉంచలేదు, చిన్న గేరులో ఇంజనే బండిని పట్టుకునేలా దింపావు. గుంత వచ్చిన ప్రతిసారీ ఒక చక్రం మాత్రమే దాంట్లో దిగేలా తిప్పావు, వెనక పడుకున్న ఆమెకు కుదుపు సగమే తెలిసేలా. అది నేను నీకు నేర్పలేదు. నాకే రాదు. నువ్వు రెండుసార్లు దారిచ్చావు. ముందుకు పోతే నువ్వు కనిపించవు కాబట్టి పోలేదు. ఆ కాసేపట్లో నా జన్మంతటికీ సరిపడా గర్వపడ్డాను. కళ్ళు తుడుచుకోవడానికి వైపర్లు వేసుకున్నాను, పిచ్చిదాన్ని, బయట వాన లేదు.

ఆస్పత్రి గేటు దగ్గర ఆమెను లోపలికి పంపి, నువ్వు జీపు చుట్టూ తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశావు. నేనూ రోజూ చేసేది అదే. అప్పుడు నా బండి బ్యాటరీ ముల్లు చూశాను. పైన తొమ్మిది ఉన్న బ్యాటరీ కింద పధ్నాలుగు అయింది. దిగే దారంతా బండి తన కరెంటు తానే పోగేసుకుంది.

అక్కడే తెలిసింది నాకు. నీ తొందరంతా కిందికే. నొప్పులు పడుతున్న తల్లితో ఆస్పత్రికి దిగేటప్పుడు ఒక్క నిమిషం కూడా నీది కాదు. ఎక్కేటప్పుడు నువ్వు ఒంటరిగా వస్తావు, ఇరవై ఐదులో వచ్చినా అడిగేవాడు లేడు. పై ఊళ్ళ నుంచి పిలుపు వస్తే కేంద్రంలో ఛార్జి పెట్టిన బండి మీదే వెళ్తావు, అప్పుడు మోటారుకు కొదవ లేదు. కుదుపు లేకుండా దింపే బండి, దిగుతూ బలం పుంజుకునే బండి నీకు కావాలి. వంటింటి బండే రాసివ్వు. తాడు లేకుండా లాగేదాన్ని మెచ్చుకోవడం నాకు కష్టమే, అయినా ఒప్పుకుంటున్నాను. ఒక్కటి మాత్రం మరిచిపోకు. ఆస్పత్రి నుంచి తిరిగి ఎక్కేముందు బ్యాటరీ మూడో వంతు ఉండాలి, బటన్ నొక్కి ఉండాలి. మీ అమ్మలా పొగరుకు పోవద్దు.

అర్జీ సంగతి చెబితే మీ నాన్న రెండు రోజులు కుట్టు మిషను మీంచి తలెత్తలేదు. మూడో రోజు మిషను ఆపి, "అది నీ బండి వెనక పడుకున్న స్పేర్ టైరు కాదే ఇప్పుడు. అక్కడ ఎన్ని ఊళ్ళు దాని మీద నడుస్తున్నాయో చూసొచ్చావుగా," అన్నారు. చూసొచ్చాను. నా ఒంట్లో నలతేమీ లేదని, అబద్ధం రాశానని, బదిలీ సంగతి నీ ఇష్టానికే వదలమని పై ఆఫీసుకు నిన్ననే ఉత్తరం వేశాను. వాళ్ళు నిన్ను ఏమైనా అంటే నన్ను చూపించు. ఆ రోజు నువ్వు దించిన ఆమెకు ఏం పుట్టిందో రాయి. గేటు కాపలా అతన్ని అడుగుదామనుకుని, నువ్వు చూస్తావని పారిపోయి వచ్చాను.

ఈ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం ఉంది. దాని ఒక వైపు నీ బదిలీ పత్రం, నువ్వు సంతకం పెడితే ఇప్పటికీ చెల్లుతుంది. రెండో వైపు నీ కొండదారి పటం గీశాను. ముప్ఫై నాలుగు మలుపులూ ఉన్నాయి. బటన్ నొక్కాల్సిన చోట ఎర్రగుర్తు, బండి పక్కకు తీసుకునే జాగా ఉన్నచోట నీలంగుర్తు, నీ జీపు చక్రం గాల్లో తిరిగి ఉంటుందని నాకు అనుమానం వచ్చిన చోట నల్లగుర్తు. ఏ వైపు వాడుకుంటావో నీ ఇష్టం. నేను మాత్రం పటం వైపే మూడు సాయంత్రాలు కూర్చుని, చెరిపి చెరిపి గీశాను.

ఇట్లు,
నువ్వు దారిచ్చినా ముందుకు పోని
మీ అమ్మ